చెరువులో ముప్పై ఒక్క బాతులు

కమలాపురం,
20 డిసెంబరు 2005

తమ్ముడు యేసుప్రసాద్‌కు,

మీ అక్క వరమ్మ క్షేమం. మీ బావ దాసన్న క్షేమం. మేకలు పద్దెనిమిదీ క్షేమమే, ఒకదానికి మాత్రం గిట్ట పుండయింది. నువ్వు పులికాట్ ఉప్పునీళ్లల్లో క్షేమమని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ రాజహంసలే. వేలకు వేలు దిగాయట, తెల్లారేసరికి నీళ్లన్నీ గులాబి రంగట. "నువ్వు ఒక్కసారి చూడాలక్కా" అని నాలుగుసార్లు రాశావు. ఈ మేకలను ఎవరికి అప్పగించి రావాలో మాత్రం రాయలేదు.

చదువుతుంటే నాకు నీ మీద కుళ్లు పుట్టింది. దాచుకోవడం దేనికి. నాయన ఉచ్చులు తీసుకుని పూరేడు పిట్టలకు పోయేటప్పుడు వెంట నడిచింది నేను. నువ్వు ముల్లు గుచ్చుకుందని ఏడ్చి ఇంటి దగ్గరే ఉండిపోయేవాడివి. కూత విని పిట్ట పేరు చెప్పింది నేను. నువ్వు పది పాసయ్యావు, నేను ఏడుతో మానేశాను. అందుకని పిట్టలు చూసే ఉద్యోగం నీకు, మేకలు నాకు.

సరే, ఇప్పుడు నా సంగతి విను. ఈ ఏడు వానలకు మన చెరువు అలుగు పారింది. అయిదేళ్ల తర్వాత ఇదే. మొన్న మంగళవారం తెల్లారుతుండగా మద్దిలేటి శనగ చేనులో బాతులు దిగి మొలకలు పీకుతున్నాయి. మన చిన్న పరజ బాతులు కావు. బూడిద రంగు, బారెడు మెడ, పసుపు ముక్కు, తెల్లటి తల వెనక రెండు నల్లపట్టెలు. మేకల మధ్య వంగి నడిస్తే పిట్టకు మనిషి కనపడదని నాయన చెప్పేవాడు కదా, అట్లాగే పోయాను. ఇరవై అడుగుల దూరం దాకా పోయాను. దొడ్డి విప్పినప్పుడు మేకలను లెక్కబెట్టినట్టు జతలు జతలుగా లెక్కబెట్టాను. ముప్పై ఒకటి. అందులో ఒకదాని మెడకు పచ్చటి ప్లాస్టిక్ పట్టీ ఉంది. దాని మీద తెల్లగా నెలవంక లాంటి ఇంగ్లీషు అక్షరం, పక్కన 47. వెనక పేజీలో గీశాను చూడు.

బాతుకు మెడపట్టీ ఎవడు వేశాడో మీ ఆఫీసరును అడుగు. క్రిస్మస్‌కు నువ్వు రావని తెలుసు. బావ అరిసెలు పార్సిలు చేస్తానంటున్నాడు.

నీ అక్క,
వరమ్మ


పులికాట్,
6 జనవరి 2006

ప్రియమైన అక్కకు నమస్కారం,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. ఆ బాతులు హిమాలయాలు దాటి వస్తాయక్కా. పట్టెతల బాతులు అంటారు. నాకు ఈ ఉద్యోగంలో ఏడేళ్లు నిండుతున్నాయి, ఇంతవరకు ఒక్కదాన్ని కూడా కళ్లారా చూడలేదు. మా ఆఫీసరు గారి పుస్తకంలో బొమ్మ చూశానంతే. మెడపట్టీ అంకె చూసి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఏ దేశంలో వేశారో కనుక్కోవడానికి ఉత్తరాలు రాస్తున్నారు.

ఇక్కడ మంచు బాగా పడుతోంది. పొద్దున్నే పడవ మీద పోతే బురదలో నక్కలు పీతలు పట్టుకుంటూ కనిపిస్తాయి. రాజహంసలు తల తలకిందులుగా పెట్టి తింటాయి, ఆ కాళ్లతో బురద తొక్కడం చూస్తే మన ఊళ్లో మట్టి తొక్కే కుమ్మరివాళ్లు గుర్తొస్తారు. ఆఫీసు నాకు కొత్త బైనాక్యులర్లు ఇచ్చింది. మన అవ్వ ముక్కుపుడకను మైలు దూరం నుంచి చూడొచ్చు.

రోజుకూలీ వాచర్లలో కొంతమందిని పర్మనెంటు చేస్తారని మాట వినబడుతోంది. ఎవరు మంచి సమాచారం తెస్తే వాళ్ల పేరు ముందుంటుందట. నా కోసం ప్రార్థన చెయ్యి. అరిసెలు అందాయి. సగం పడవ నడిపే తిమ్మన్నే తిన్నాడు.

నీ తమ్ముడు,
ప్రసాద్


కమలాపురం,
2 మార్చి 2006

యేసుప్రసాద్ గారికి,

పాస్టరమ్మ ప్రేమజ్యోతి గారింట్లో ఆదివారం పేపరు చూశాను. నీ ఫోటో బాగా పడింది. మెడలో బైనాక్యులర్లు, జేబులో పెన్ను. "కమలాపురం చెరువులో మంగోలియా బాతు. వాచర్ యేసుప్రసాద్ చురుకైన కంటికి చిక్కిన మెడపట్టీ" అని రాశారు. పాస్టరమ్మ పైకి చదివింది. ఆరాధనకు వచ్చిన ఆడవాళ్లందరూ విన్నారు. గంగక్క నా వైపు తిరిగి, "మీ తమ్ముడు పులికాట్‌లో కూకోని మన చెరువు బాతుల్ని సూసినాడంటనే. ఏం కండ్లే తల్లీ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను మరి.

సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. మంచులో మేకల మధ్య వంగి నడిచిన నడుము నాది. చురుకైన కన్ను నీది.

నా పేరు పేపర్లో పడితే నాకు ఒరిగేదేమీ లేదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నాకు ముప్పై తొమ్మిదేళ్లు. ఇంతవరకు నా పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. అందులోనూ దాసన్న భార్య అనే ఉంది. ఒక్కచోట వరమ్మ చూసింది అని ఉంటే నాకు బాగుండేది.

అక్క అని రాయబుద్ధి కావడం లేదు.

వరమ్మ


పులికాట్,
19 మార్చి 2006

అక్కా,

నువ్వు గారు అని పిలిస్తే నాకు అన్నం సహించలేదు. జరిగింది ఇదీ. మా ఊళ్లో మావాళ్లు చూశారని ఆఫీసరు గారితో అన్నాను. పేపరు అతను ఏం విన్నాడో ఏం రాశాడో నాకెట్లా తెలుస్తుంది? ఫోటో తీస్తామంటే నిలబడ్డాను. అంతే నా తప్పు. చిన్నదాన్ని పట్టుకుని పెద్ద చేస్తున్నావు. నాకు పర్మనెంటు అయితే అది మన ఇంటికి కాదా?

కోపం పోవడానికి బొమ్మల పుస్తకం ఒకటి పంపుతున్నాను. పిట్టల పేర్లు తెలుగులో కూడా ఉన్నాయి. కాస్త నేర్చుకుంటే నీకూ పద్ధతిగా చూడటం అలవాటవుతుంది. చివరి పేజీలో గులాబి తల బాతు బొమ్మ ఉంది చూడు. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, తల మాత్రం రాజహంస రంగు. దాన్ని చూసి డెబ్బై ఏళ్లయిందట. ఇక లేదనే అనుకుంటున్నారు. "దీన్ని చూపించినవాడి పేరు చచ్చినా పోదురా" అంటారు మా ఆఫీసరు గారు. అట్లాంటిది కంటబడితే పర్మనెంటు ఏమిటి, పల్లకీలో ఊరేగిస్తారు.

ఎండలు ముదిరాయి. రాజహంసలు పోతున్నాయి. బావకు నమస్కారం.

నీ తమ్ముడు,
ప్రసాద్


కమలాపురం,
10 డిసెంబరు 2006

తమ్ముడు ప్రసాద్‌కు అక్క ఆశీస్సులు,

తొమ్మిది నెలలు ఉత్తరం రాయలేదని ఏమీ అనుకోవద్దు. మనసు కుదురుకోవడానికి అంత కాలం పట్టింది. ఇప్పుడు నీ మీద కోపం లేదు. నువ్వు పంపిన పుస్తకం రోజూ చూసి పద్ధతిగా నేర్చుకుంటున్నాను.

ఈ ఏడు చెరువులో నీళ్లు సగమే. పట్టెతల బాతులు ఇంకా రాలేదు. వాటి కోసం రోజూ గట్టెక్కి చూస్తున్నాను. నిన్న ఉదయం అట్లా చూస్తుంటే తూము దగ్గర జమ్ములో ఒక బాతు కనిపించింది. ఒక్కటే. పరజ కంటే పెద్దది. ఒళ్లు ముదురు గోధుమ రంగు. మెడ నిటారుగా పెట్టింది. తల, మెడ వెనక భాగం గులాబి రంగు. ముక్కూ అదే రంగు. చాలాసేపు చూశాను. పుస్తకం ఇంటికి పోయి తెచ్చుకుని మళ్లీ చూశాను. చివరి పేజీ బాతే.

ఎవరికీ చెప్పలేదు. నీకు పనికొస్తుందని నీకే రాస్తున్నాను. ఆఫీసరు గారికి చెప్పు. పేపరు వాళ్లకూ చెప్పు. ఫోటో తీస్తే ఈసారి తల దువ్వుకుని నిలబడు.

నీ అక్క,
వరమ్మ


పులికాట్,
28 డిసెంబరు 2006

నా ప్రియమైన అక్కా,

నీకు ఏమని రాయను? మూడు రాత్రులు నిద్ర లేదు. వేరేవాళ్లు చెబితే ఎర్రతల బాతును చూసి పొరబడ్డారని అనుకునేవాణ్ణి. నువ్వు చెప్పావు కాబట్టి అనుమానం రాలేదు. అన్నం విషయంలో నువ్వు అబద్ధం ఆడతావు. తిన్నానంటావు, తినవు. పిట్ట విషయంలో ఆడవు.

ఈసారి ఏం చేశానో విను. పోయిన మార్చి నుంచి నా గుండెలో ముల్లు ఉంది. అందుకని రిపోర్టు నా చేత్తో రాశాను. "కమలాపురం మండలంలో మేకలు కాచుకునే వరమ్మ అనే ఆమె ఈ బాతును స్వయంగా చూశారు. పోయిన ఏడాది మెడపట్టీ ఉన్న పట్టెతల బాతును చూసింది కూడా ఈమే. వాచర్ యేసుప్రసాద్ చూడలేదు" అని రాశాను. కింద జామీనుగా సంతకం పెట్టాను. ఆఫీసరు గారు రిజిస్టరు తీసి, బాతుల వరుసలో నా పేరు కొట్టేసి నీ పేరు ఎక్కించారు. నా కళ్లముందే. నిజం చెబుతున్నా, కొట్టేసేటప్పుడు నాకు కడుపులో కొంచెం మండింది. తర్వాత చల్లబడింది.

జనవరి తొమ్మిదిన ఆయనే స్వయంగా కెమెరా తీసుకుని జీపులో వస్తున్నారు. పంచాయతీ వాళ్ల ముందు నీకు శాలువా కప్పుతారట. మంచి చీర కట్టుకో. నేను రాలేను. జనవరి పక్షుల లెక్కకు రేపే దీవులకు పడవెక్కుతున్నాను. తిరిగొచ్చేదాకా అక్కడికి టపా రాదు.

పర్మనెంటు జాబితాలో నా పేరు మూడోది. ఆయన సంతోషంగా తిరిగొస్తే చాలు.

నీ తమ్ముడు,
ప్రసాద్


కమలాపురం,
3 జనవరి 2007

ప్రసాదూ,

ఈ ఉత్తరం నీకు ఇప్పట్లో అందదని తెలిసే రాస్తున్నాను. ఆ బాతు లేదు. నేను చూడలేదు. పుస్తకం ముందు పెట్టుకుని బొమ్మ చూసి రాశాను.

నువ్వు నీ పేరుతోనే చెబుతావనుకున్నాను. నువ్వు చూశానన్న బాతు లేదని తేలితే నలుగురూ నవ్వుతారు, గంగక్క ముందు నేను నవ్వినట్టు నువ్వూ నవ్వుతావు, అంతటితో సరిపోతుందని అనుకున్నాను. సంగతి నీ పర్మనెంటు దాకా వస్తుందని ఆలోచించలేదు. కుళ్లు అంతే, ముందుచూపు ఉండదు దానికి.

నువ్వు నా పేరు రాస్తావని కలలో కూడా అనుకోలేదు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నిన్న బజారులో ఫోన్ బూత్‌కు పోయి మీ ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. బావ పోస్టాఫీసులో టెలిగ్రాం ఇచ్చాడు. అది నీ గుడిసెకే వస్తుంది, నువ్వేమో దీవుల్లో ఉన్నావు.

వరమ్మ


కమలాపురం,
11 జనవరి 2007

తమ్ముడికి,

మీ ఆఫీసరు గారు వచ్చి వెళ్లారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు ఇంకొకరి నోట వినకూడదు.

పొద్దున ఏడింటికే జీపు వచ్చింది. సర్పంచి, పాస్టరు గారు, గంగక్క, ఊళ్లో సగం మంది గట్టు మీద ఉన్నారు. శాలువా జీపులో కవరులో ఉంది, నాకు కనబడుతూనే ఉంది. ఆయన మంచివాడు. నన్ను అమ్మా అని పిలిచి, నీ గురించి చెప్పాడు. నిజాయితీ అంటే వాడిదన్నాడు. రెండు గంటలు జమ్ము అంతా వెతికాడు. చెరువులో ఉన్న పిట్టలన్నింటినీ నేను పేర్లు చెబుతుంటే రాసుకున్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఎగిరిపోయి ఉంటుంది, అలవాటే, అట్లాగని రాసుకుంటానని తనే అన్నాడు. ఊరుకుంటే అయిపోయేది ప్రసాదూ. శాలువా కప్పి వెళ్లిపోయేవాడు. నా పేరు చచ్చినా పోకుండా ఉండిపోయేది.

ఊరుకోలేకపోయాను. చూడని పిట్టను చూశానని జీవితాంతం మోయడం నా వల్ల కాలేదు.

"ఆ బాతు లేదు సార్. నేను సూడలా. తమ్ముని మింద కడుపుమంటతో రాసినా. వాడు నమ్మినాడు, వాని తప్పేం లేదు."

ఆయన పెన్ను మూత పెట్టాడు. తర్వాత పట్టెతల బాతుల సంగతి అడిగాడు. అవి నేనే చూశానన్నాను. మేకల మధ్య నడిచిందీ, జతలుగా లెక్కబెట్టిందీ అన్నీ చెప్పాను. ఆయన తల అడ్డంగా ఆడించాడు. "ఇది అబద్ధమైనప్పుడు అది నిజమని నేనెలా నమ్మనమ్మా?" అన్నాడు. రిజిస్టరులో నా పేరు కొట్టేశాడు. మెడపట్టీ అంకె మాత్రం నిజమే కదా, ఎవరు చూశారో నీ చేత రాయించుకుంటానని చెప్పి వెళ్లాడు. శాలువా జీపులోనే ఉండిపోయింది.

నీకు మాట వస్తే నా తప్పని చెప్పు. బావ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

వరమ్మ


పులికాట్,
24 జనవరి 2007

అక్కా,

దీవుల నుంచి నిన్న వచ్చాను. టెలిగ్రామూ నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చదివాను. అంతకుముందే ఆఫీసరు గారి దగ్గరికి పోయి వచ్చాను. నీ ఉత్తరాలు ముందు చదివి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

ఆయన కాగితం నా ముందు పెట్టారు. మీ అక్క మాట పనికిరాదు, పట్టెతల బాతులు నువ్వు చూశావా లేదా ఒక్క మాట రాయి, అన్నారు. లేదంటే ఆ బాతులు రిజిస్టరులోంచే పోతాయి. అబద్ధపు రిపోర్టుకు జామీను పడిన వాచరుగా నా పేరు జాబితాలోంచి పోతుంది.

చూశానని రాశాను. 2005 క్రిస్మస్ సెలవుకు ఊరికి వచ్చినప్పుడు నేనే చూశాను, అక్క మీద ప్రేమతో ఆమె పేరు పెట్టాను అని రాశాను. ఆయన నమ్మారు. నిన్న సాయంత్రం జాబితా వచ్చింది. నన్ను పర్మనెంటు చేశారు.

ఇంకో మాట కూడా రాసేస్తాను. పోయిన ఏడాది పేపరు అతను, ఎవరు చూశారు అని సూటిగా అడిగాడు. నీ పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. తప్పు విన్నాడని నీకు రాసింది అబద్ధం. చిన్నప్పుడు నాకు ముల్లు గుచ్చుకున్నదీ అబద్ధమే అక్కా. నాయన నిన్ను తీసుకుపోయి నన్ను ఎందుకు వదిలేస్తాడని ఏడ్చేవాణ్ణి. నీ కళ్లంటే నాకు ఇప్పటికీ అసూయే. బైనాక్యులర్లు పెట్టుకున్నా నువ్వు చూసినంత నాకు కనబడదు.

నన్ను తిట్టు. కానీ ఉత్తరం రాయి.

ప్రసాద్


కమలాపురం,
4 ఫిబ్రవరి 2007

ఒరే ప్రసాదూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. నిజంగానే ముట్టలేదు. బావ చెప్పి చెప్పి విసిగిపోయాడు. "వానికి పని దొరికె కదా, ఇంగ ఏడుస్తావెందుకు" అన్నాడు. ఉద్యోగం వచ్చినందుకు ఏడవలేదని ఆయనకు అర్థం కాదు. నీకు అర్థమవుతుంది.

నువ్వు నా పేరు మింగినందుకు కూడా అంత బాధ లేదు. నేను నీకు పెట్టిన ఉచ్చు దానికంటే పెద్దది. నా కడుపు మండుతున్నది ఒక్కదానికి. ఆ బాతులను చూశానని చేతిరాతతో రాశావు. వాటి మెడ ఎట్లా వంగుతుందో నీకు తెలియదు. శనగ మొలక పీకేటప్పుడు అవి లోపల్లోపల ఎట్లా గొణుక్కుంటాయో తెలియదు. నేను చూడని బాతును చూశానన్నాను, నువ్వు చూడని బాతులను చూశానన్నావు. ఒక్క కడుపున పుట్టినవాళ్లమే, సందేహం లేదు. నీ అబద్ధానికి ఉద్యోగం, నా నిజానికి కొట్టివేత. అది తలచుకుంటే ఇప్పటికీ మండుతోంది. పోయిందని రాస్తే ఇంకో అబద్ధమవుతుంది.

సరే, అసలు సంగతి. మొన్న గురువారం పట్టెతల బాతులు వచ్చాయి. ఎందుకు ఆలస్యమయ్యాయో వాటికే తెలియాలి. పద్నాలుగు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వరమ్మ మాట ఇప్పుడు ఎవరు నమ్ముతారు? చెరువులో నీళ్లు తగ్గుతున్నాయి, పది రోజులు ఉంటే గొప్ప.

పర్మనెంటు వాచరుకు సెలవులు ఉంటాయి కదా. పెట్టి రా. నువ్వు ఒకసారి కళ్లారా చూసిపోతే ఆ కాగితంలో రాసిన మాట నిజమవుతుందో కాదో నాకు తెలియదు. అది పాస్టరు గారినడుగు. చూడని మనిషి పేరు మీద ఆ బాతులు ఉండటం మాత్రం నేను ఓర్చుకోలేను. పేరు నీదే ఉండనీ, కనీసం చూసినవాడివై ఉండు.

నెల్లూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి కడపలో ఉంటావు. బైనాక్యులర్లు తీసుకురా. నాకూ ఇవ్వాలి, అడిగించుకోవద్దు.

గట్టు మాత్రం ముందు నేనెక్కుతాను. ఆ తర్వాతే నువ్వు.

అక్క